కుక్కను వద్దనకండి, తాడు వేయమనండి

సంపాదకులకు నమస్కారం.

గండికోటలో గుడారాలు వేసుకునేవాళ్లు కుక్కల్ని తెస్తున్నారని, వాటిని జమ్మలమడుగు దాటి రానివ్వకూడదని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. మిగతా సగం గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మాది కళ్యాణదుర్గం. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. కరెంటు స్తంభాలు రోడ్డు చూసుకుని పోవు. గుట్టెక్కి, వంక దాటి, బీళ్లకు అడ్డం పడి పోతాయి. వాటి వెనకే ముప్పై ఏళ్లు నడిచాను. కాళ్లకు ఆ అలవాటు పోలేదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక పాత మహీంద్రా జీపు కొన్నాను. 'ఈ వయసులో ఇదేం తిక్క' అంది మా ఇంటామె. ఇప్పటికీ అంటోంది, జీపు మాత్రం ఎక్కదు. నాతోపాటు ఎక్కేది కరియ ఒక్కడే.

కరియ ఊరకుక్క. రాయదుర్గం వైపు బీళ్లలో మంద నిలిపిన ఒక గొర్రెలాయన దగ్గర పిల్లప్పుడు తెచ్చుకున్నాను. నల్లగా ఉన్నాడని ఆ పేరు. కన్నడం మాకు పక్కిల్లే గదా. ఇప్పుడు వాడికి ఐదేళ్లు, ఇరవై రెండు కిలోలు. కుక్కను వాడు, వీడు అంటున్నానని నవ్వుకుంటే నవ్వుకోండి.

కుక్కతో అడవిలో పడుకోవడం బెంగళూరు కార్లలో వచ్చిన ఫ్యాషన్ అని ఆ పాఠకుడు రాశారు. దాంతోనే నాకు పేచీ. అనంతపురం జిల్లాలో కుక్కను పక్కన పెట్టుకుని ఆకాశం కింద పడుకునేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. మన కురుబ గొర్రెలవాళ్లే. పంట కోశాక చేలల్లో మంద నిలుపుతారు. రైతుకు ఎరువు, వీళ్లకు గింజలో డబ్బులో. ఒక కంబళి, సంగటి వండుకునే గిన్నె, నీళ్ల క్యాను, రెండు మూడు కుక్కలు. మా వైపు తోడేళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి కుక్క లేకుండా మంద నిలవదు. వాళ్లకు టెంటు లేదు, ఫొటోలు లేవు, అంతే తేడా.

ఆ కుక్కల్ని దగ్గరగా చూసినవాళ్లకు ఒకటి తెలిసి ఉంటుంది. కొన్నిటి మెడకు మూరెడు కట్టె వేలాడుతూ ఉంటుంది. నడిస్తే ఇబ్బంది లేదు. పరుగెత్తితే ముందుకాళ్లకు కొట్టుకుంటుంది. కరియను నాకిచ్చిన రోజే గొర్రెలాయన చెప్పాడు, 'సామీ, కుక్క ఎగబడితే దాని ఎనక నువ్వు ఉరకలేవు. కట్టె ఏలాడగట్టు, లేదంటే తాడెయ్' అని. పాపం, పిల్లకు ఎందుకు ఆ హింస అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలు.

వజ్రకరూరు దగ్గర జరిగింది చెబుతాను. జూన్ నెల, తొలకరి పడి నాలుగు రోజులైంది. ఆ రోజుల్లో వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లు ప్లాస్టిక్ పట్టలు కట్టుకుని దిగుతారు. వాళ్లను చూద్దామని వెళ్లాను. నాకు వజ్రం దొరకలేదు, దొరికుంటే ఈ ఉత్తరం ఇంకో రకంగా ఉండేది. పొద్దున్నే టీ పెట్టుకుంటున్నాను. కరియ తాడు లేకుండా జీపు చుట్టూ వాసన చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి చెవులు నిలబెట్టాడు. రెండు చేల అవతల కృష్ణజింకలు, ఏడెనిమిది ఉంటాయి. నేను 'కరియా' అనేలోపే వాడు గట్టు దాటాడు.

ఇంట్లో పిలిస్తే పరుగున వచ్చే కుక్క జింకను చూశాక ఎవరి మాటా వినదు. నేను అరిచేకొద్దీ నేనూ వెనకే వస్తున్నాననుకున్నాడో ఏమో, ఇంకా దూరం పోయాడు. జింకలకేం, అవి గాలిలో తేలినట్టు పోయాయి. నల్లరేగట్లో నాలుగడుగులు వేసేసరికి నా చెప్పులకు చెరో కిలో మట్టి. కలుపు తీస్తున్న ఒక పెద్దామె నడుము ఎత్తి, 'ఈనిన జింకలుంటాయప్పా, పిల్లల్ని గడ్డిలో దాసిపెట్టుంటాయి, కుక్కను ఇడుస్తారా ఎవురన్నా?' అని అందరిముందూ కడిగేసింది. నేనేం మాట్లాడాలి?

ముప్పావు గంట తర్వాత వాడే వచ్చాడు. రావడం నడక కాదు, తూలడం. నాలుక పక్కకు పడి వెడల్పుగా ఉంది. నోటినుంచి జిగట చొంగ తాడులా వేలాడుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. వానకాలం వచ్చిందన్న మాటే గానీ పది గంటలకే ఎండ మాడుస్తోంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పి రొప్పి నాలుక మీదుగానే వేడి వదలాలి. గాలిలో ఉక్క ఉంటే అదీ సాగదు. జీపు నీడలో పడుకోబెట్టి పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఇంకో చేత్తో అట్టముక్కతో విసిరాను. వజ్రాలు వెతికే కుర్రాడొకడు ఐస్ తెస్తానన్నాడు. వద్దన్నాను. ఐసు పెడితే చర్మం కింది నరాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని మా ఊరి పశువైద్యుడు ఎప్పుడో చెప్పిన మాట సమయానికి గుర్తొచ్చింది. చాలామంది తడిగుడ్డ కప్పి వదిలేస్తారు, అదీ పొరపాటే. కాసేపటికి ఆ గుడ్డే వేడెక్కి దుప్పటి అవుతుంది.

ఇరవై లీటర్ల క్యాను ఖాళీ అయ్యాక ఆ రొప్పుడు కాస్త తగ్గింది. అక్కడినుంచి ఒక పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే తాళం వేసుంది, ఆదివారం. చెట్టుకింద కూర్చుని సోమవారం కోసం చూశాను. బతికాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు జీపులో థర్మామీటర్ ఉంటుంది. కుక్కకు మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కన జ్వరమనుకుని కంగారు పడక్కర్లేదు. 104 దాటితే మాత్రం నీళ్లు పోస్తూ డాక్టరు దారి పట్టాలి.

తర్వాత తెలిసిన ఫారెస్టు ఉద్యోగి ఒకాయనకు ఈ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. 'అన్నా, నువ్వు చేసింది వేట' అన్నాడు. తుపాకీ లేదు, కత్తి లేదు, వేటేంది అన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదట. తరమడం, ఉచ్చు వేయడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయట. పైగా కృష్ణజింక ఆ చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉండే జాబితాలో ఉంది, మన రాష్ట్ర జంతువు కూడా. అంటే ఆ పొద్దున నేను టీగ్లాసు పట్టుకుని చేసింది కేసు పెట్టదగిన పని. గుడారాలు వేసుకునే కుర్రవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? కుక్క కుందేటినో జింకనో తరుముతుంటే ఫోన్లో వీడియో తీసి కేరింతలు కొట్టేవాళ్లను నేను చూశాను.

ఆ రోజునుంచి కరియ జీపు దిగితే తాడుతోనే. పదిహేను అడుగుల నైలాను తాడు, మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే పటకాకు. ఆ రెండో కొస జీపు వెనక కొక్కేనికి. ఒకసారి బుద్ధి తక్కువై గుడారం కర్రకు కట్టాను. అర్ధరాత్రి పిల్లిని చూసి లాగాడు, గుడారం నా మీద కూలింది.

తాడు విలువ నాకు ఇంకోచోట తెలిసింది. మా కుందుర్పి, కంబదూరు వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, ఊళ్లలోకి వస్తుంటాయి. మీ జిల్లా పేజీలోనే ఎన్నోసార్లు వేశారు. ఒక చలికాలం రాత్రి అలాంటి గుట్ట కింద పడుకున్నాను. రెండున్నరకు జీపు కొద్దిగా ఊగింది. చూస్తే తాడు బిగుసుకుని ఉంది, కరియ ఆ చివర నిలబడి ఉన్నాడు. మొరగడం లేదు. గొంతులోనే ఏదో గురగుర, నాకు వినిపించిన దానికన్నా తాడు పట్టుకుంటే చేతికి తెలిసిందే ఎక్కువ. వీపు మీద వెంట్రుకలు తోకదాకా లేచి ఉన్నాయి. చీకట్లో ఎక్కడో గరగరా మట్టి గీకుతున్న శబ్దం, మధ్యమధ్య తిత్తి ఊదినట్టు ఊపిరి. తాడు లాక్కుని వాణ్ని జీపులోకి ఎక్కించి, అద్దాలు పైకెత్తి, హెడ్‌లైట్లు వేసి హారన్ కొట్టాను. శబ్దం ఆగింది. ఏమీ కనిపించలేదు. తెల్లవారి చూస్తే అరవై అడుగుల దూరంలో చెదపుట్ట సగం తవ్వేసి ఉంది, పక్కనే గోళ్ల గీతలు.

విడిచిన కుక్క అయితే ఏం చేసేది? మొరుగుతూ ఎలుగు మీదికి పోయేది. ఎలుగు తిరగబడితే యజమాని దగ్గరికే పరుగెత్తుకొచ్చేది. వెనకే ఎలుగు. కుక్క తప్పించుకుంటుంది, దెబ్బ మనిషికి పడుతుంది. చిరుత ఉన్నచోట సంగతి వేరే, దానికి కుక్కే ఆహారం. గుడారం బయట కట్టేసి లోపల మనం నిద్రపోతే ఎర వేసినట్టే. ఆ రాత్రినుంచి చీకటి పడితే వాడు జీపులోనే, కిటికీ నాలుగు వేళ్లు తెరిచి.

తాడు వేసినా కుక్కతో పోకూడని చోట్లున్నాయి. ఈ విషయంలో ఆ పాఠకుడి పక్షమే నాది. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అక్కడ మనమే అతిథులం. దోర్నాల–శ్రీశైలం రోడ్డులో రాత్రి తొమ్మిదినుంచి పొద్దున ఆరుదాకా బండ్లే ఆపేస్తారు, కుక్కలకేం పని? కుక్కతోపాటు కుక్క జబ్బులూ వస్తాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి, చనిపోయిన వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కలకు మామూలుగా వచ్చే జబ్బే అది. టీకా వేయించని కుక్కను అడవి అంచుకు తీసుకెళ్లే ముందు ఇది గుర్తుండాలి. రేబిస్ టీకా ఒక్కటి వేయించి సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. డిస్టెంపర్, పార్వోలకు కలిపి వేసే టీకా ఏటా వేయించాలి.

కడప జిల్లాలో లంకమల అడవి కూడా అంతే. అక్కడి కలివికోడి అనే పిట్ట కథ మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ఆ పిట్ట రాత్రిపూట కంపల మధ్య నేల మీద తిరుగుతుంది, చెట్టెక్కదు. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యానికి పేరు తెచ్చిన బట్టమేక పిట్టా నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఒక్కటే. కుక్క ముక్కుకు నేల మీది గుడ్డు ఎంతసేపు?

ఇవన్నీ తెలిసి కూడా ఒకసారి బోల్తా పడ్డాను. నంద్యాల వైపు అడవిలో ఒక బసకు ఫోన్ చేసి ఇద్దరికి భోజనం చెప్పాను. ఆ రెండో ఆసామి కుక్క అని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. రోజంతా బండి నడుపుకుంటూ పోతే గేటు దగ్గర ఆపేశారు. వాళ్లది నూటికి నూరు పాళ్లూ న్యాయం. కానీ వచ్చిన దారిలో ఒక్క బోర్డు లేదు, ఫోన్లో ఒక్క మాట లేదు. చీకటి పడ్డాక అడవి దారిలో వెనక్కి తిరిగి, పెట్రోలు బంకులో అడుక్కుని పడుకున్నాం. వాచ్‌మన్ కరియకు బిస్కెట్లు పెట్టాడు, నాకు పెట్టలేదు.

ఇక గండికోట. ఆ ఎర్రబండల మీద, పెన్న లోయ అంచున, చాలా మేర కంచె లేదు. కోతులు గుంపులు గుంపులు. కోతిని తరుముతూ పోయే కుక్కకు అంచు ఎక్కడుందో తెలియదు. తెలిసేసరికి కింద పెన్న. విడిచిన కుక్కను అక్కడ చూసినప్పుడల్లా నా కాళ్లు వణుకుతాయి. మధ్యాహ్నం ఆ బండ మీద అరచెయ్యి తిప్పి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉండలేదు. తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనుల దారిలో ఇంకా ఘోరం, ఆ నల్లబండ పెనమే.

గుడారాల దగ్గర ఆ పాఠకుడు చూసిన రోత నేనూ చూశాను. గుడి ముందు పెంట, రాత్రంతా మొరుగుడు, మిగిలిన బిర్యానీ ఎముకలతో సహా కుక్క ముందు పోయడం. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది. కూరలోని ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కుక్క రక్తకణాల్ని విరగ్గొడుతుంది. నేను ఇంటినుంచే సంగటి ముద్దలు, మజ్జిగ, ఉడకబెట్టిన గుడ్లు తీసుకుపోతాను. నీళ్లు వాడికి రోజుకు రెండు లీటర్లు వేరే పెడతాను, ఎండాకాలం నాలుగు. పెంట ఎత్తడానికి పాల కవర్లు దాచుకుంటాను. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

దారుల గురించి రెండు మాటలు. మన డొంకల్లో పెద్ద శత్రువు సర్కారు కంప. అడ్డం పడిన కొమ్మ మీద ఎక్కిస్తే టైరు ఆ రోజే దిగకపోవచ్చు, మర్నాడు పొద్దున దిగుతుంది. అందుకే నాకు రెండు స్టెప్నీలు. అదే ముల్లు కుక్క పాదంలో విరిగితే పైకి కనిపించదు. కరియ కుంటడు, ఆ కాలు నాకుతూ కూర్చుంటాడు, అంతే. ప్రతి సాయంత్రం జీపు బానెట్ మీద టార్చి పెట్టి నాలుగు పాదాలూ విప్పి చూస్తాను. వేళ్ల మధ్య వెంట్రుకల్లో పల్లేరుకాయ ఉంటుంది, రెండు కొమ్ములు బయటికి, మూడోది లోపలికి దిగి. రేగడిలో నడిచిన రోజు మట్టి అక్కడే ఎండి గులకరాయవుతుంది, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తీయాలి. చెవి లోపల, చంకల్లో పిడుదులు. కిరసనాయిలు పోయకండి, చర్మం దగ్గరగా పట్టకారుతో పట్టి నిదానంగా లాగండి. పది రోజుల తర్వాత కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులో రక్తం కనిపించినా అది పిడుదుల జ్వరం కావచ్చు. చిట్కా వైద్యం చేసుకుంటూ కూర్చోవద్దు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గండికోటలో గుడారాలు అద్దెకిచ్చేవాళ్లు కుక్కలవాళ్లను ఒక పక్కన, లోయ అంచుకు, గుడికి, మసీదుకు దూరంగా పెట్టి, తాడు లేని కుక్కను గేటు దగ్గరే ఆపితే చాలు. టీకా కార్డు అడగండి, మనిషి ఆధార్ అడిగినట్టే. అడవిలోకి పోయే రోడ్లలో 'కుక్కలకు ప్రవేశం లేదు' అనే బోర్డు గేటు దగ్గర కాదు, వెనక్కి తిరగడానికి వీలున్న ఊళ్లో పెట్టండి. ఆత్మకూరులో పెట్టండి, గిద్దలూరు రోడ్డు మొదట్లో నంద్యాలలో పెట్టండి. పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది, సంతోషం. సిగ్నల్ అందని కోనలో దాన్ని ఎవరికి కొట్టాలి? సిగ్నల్ చివరిగా దొరికే చోట, దగ్గరి పశువైద్యశాల ఎన్ని కిలోమీటర్లో, ఆదివారం ఉంటుందో ఉండదో ఒక రాతిమీద రాయించినా పుణ్యముంటుంది.

లేఖ రాసిన ఆ పాఠకుడు ఈ కార్తీకంలో గండికోట వస్తే, నీలం టార్పాలిన్ కప్పిన పాత జీపు దగ్గరికి రమ్మనండి. టీ పెడతాను. కరియ తాడు పదిహేను అడుగులు ఉందో లేదో టేపు పెట్టి కొలుచుకోవచ్చు. ముందు కాస్త దూరంనుంచి పిలవాలి, కొత్తవాళ్లంటే వాడికి అనుమానం.

– రిటైర్డ్ లైన్‌మన్, కళ్యాణదుర్గం